గోల్ఫ్ సెట్టు కొనే ముందు: మీ స్వింగ్‌కి సరిపడే స్టిక్ ఏదో తేల్చుకునే పద్ధతి

“ఏ బ్రాండ్ తీసుకోమంటారు?” రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) పక్క మ్యాట్ మీదున్నాయన అడిగేదీ ఇదే, డాలస్ నుంచి సెలవులకొచ్చిన బావమరిది అడిగేదీ ఇదే. బ్రాండ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు తేలాల్సింది, మీ చెడ్డ బంతి ఎక్కడ పడుతోందన్నది.

బాగా తగిలిన బంతి ఏ స్టిక్‌తో కొట్టినా బాగానే పోతుంది. స్కోరు పాడుచేసేది సరిగ్గా తగలని బంతి. పాత స్టిక్‌తో చెరువులో పడే బంతి కొత్త స్టిక్‌తో గట్టు మీద ఆగితే, ఆ కొత్తదానికి డబ్బు పెట్టొచ్చు.

నాకీ విషయం ఆలస్యంగా తెలిసింది. ఒక షాపులో నెట్‌లోకి నాలుగు బంతులు కొట్టాను. అందులో ఒకటి తెర మీద 240 యార్డులు చూపించింది. అంతే, స్టిఫ్ షాఫ్ట్ (గట్టి కడ్డీ) ఉన్న డ్రైవర్, అంటే అన్నిటికంటే దూరం కొట్టే స్టిక్, భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను. కోర్సులో ఆ 240 మళ్లీ కనిపించలేదు. బంతి మాత్రం ప్రతి హోల్‌లో కుడివైపు చెట్లను వెతుక్కుంటూ వెళ్లేది. ఎనిమిది నెలల తర్వాత సగం ధరకి వదిలించుకున్నాను.

ఇక్కడ చెప్పేవన్నీ కుడిచేతివాటం వాళ్లకు. ఎడమచేతివాటమైతే కుడి ఎడమలు తిప్పి చదువుకోండి.

1. ఇంట్లోనే చేసుకోవాల్సిన కొలతలు

ఆడేటప్పుడు వేసుకునే షూ వేసుకుని నిటారుగా నిలబడండి. చేతులు వదులుగా వేలాడనివ్వండి. మణికట్టు ముడత నుంచి నేల వరకు ఇంకొకరిచేత టేపుతో కొలిపించండి. మీరే వంగి కొలుచుకుంటే అంగుళం తేడా ఇట్టే వచ్చేస్తుంది.

ఈ కొలత 34 నుంచి 36 అంగుళాల మధ్య ఉంటే చాలామంది స్టాండర్డ్ పొడవుతోనే మొదలుపెట్టొచ్చు. మగవాళ్ల 7 ఐరన్ (లోహపు తల ఉన్న మధ్యస్థం స్టిక్) స్టాండర్డ్ పొడవు సుమారు 37 అంగుళాలు. ఆడవాళ్ల సెట్టులో దాదాపు ఒక అంగుళం తక్కువ. ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు. ఆరడుగుల మనిషికి చేతులు పొడవుగా ఉంటే స్టాండర్డే సరిపోవచ్చు.

గ్లవ్ సైజు రాసుకోండి. మీ పాత సెట్టులో ఏయే స్టిక్‌లు ఉన్నాయి, ఒక్కోటి గాల్లో ఎంత దూరం వెళ్తుందనుకుంటున్నారు అన్నది కూడా రాయండి. “అనుకుంటున్నారు” అనే అన్నాను. పరీక్షయ్యాక ఆ కాగితం చూస్తే మీకే నవ్వొస్తుంది.

గోల్ఫ్ మొదలుపెట్టి రెండు మూడు నెలలే అయితే ఇక్కడితో ఆగండి. మీ స్వింగ్ వారానికోలా ఉంటుంది, దాన్ని కొలిచి లాభం లేదు. ఒక 5 హైబ్రిడ్ (పొడవు ఐరన్ బదులు వాడే సులువైన స్టిక్), 7, 9 ఐరన్‌లు, శాండ్ వెడ్జ్ (దగ్గర నుంచి బంతిని ఎత్తుగా లేపేది), పటర్ (హోల్ దగ్గర బంతిని దొర్లించేది) ఉన్న వాడిన సగం సెట్టు చాలు. పది బంతుల్లో ఆరైనా గాల్లోకి లేస్తున్నప్పుడు మళ్లీ ఇక్కడికి రండి.

పరీక్షకు తీసుకెళ్లాల్సినవి:
- మీ షూ, మీ గ్లవ్
- మీరు ఆడే బంతులే ఆరు
- మీ పాత 7 ఐరన్, డ్రైవర్, పటర్
- వైట్‌బోర్డు మీద రాసే మార్కర్, నలుపుదైతే మేలు
- పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే, తుడవడానికి తడి గుడ్డ
- నోటు పుస్తకం, పెన్ను. ఫోన్లో రాసుకుంటానంటారు, మూడో బంతికల్లా మానేస్తారు.

2. ఎక్కడ పరీక్షించాలి

మూడు చోట్లు ఉన్నాయి. మూడూ ఏదో ఒక విషయంలో మోసం చేస్తాయి.

షాపులో నెట్, లాంచ్ మానిటర్ (బంతి వేగం, దూరం కొలిచే యంత్రం): అంకెలు కచ్చితంగా వస్తాయి. కానీ ఎదురుగా ఓబీ (కోర్సు హద్దు అవతలి చోటు) లేదు, చెరువు లేదు, వెనక నుంచి చూసే నలుగురు లేరు. చేయి ఎక్కడలేని స్వేచ్ఛగా తిరుగుతుంది.

డ్రైవింగ్ రేంజ్: బంతి ఎగరడం కళ్లారా చూస్తారు. అయితే రేంజ్ బంతులు అరిగి ఉంటాయి, మామూలు బంతుల కంటే తక్కువ దూరం పోతాయి. రేంజ్‌లో దూరం చూడకండి, దిశా ఎత్తూ చూడండి.

కోర్సు: అసలు పరీక్ష ఇదే. కానీ ఒక్కో హోల్‌లో ఒక్కో షాటే దొరుకుతుంది కాబట్టి లెక్క తేలడానికి వారాలు పడుతుంది.

అందుకే క్రమం ఇలా పెట్టుకోండి: మానిటర్ దగ్గర జాబితాని రెండుకి కుదించండి, రేంజ్‌లో ఒకటి ఎంచుకోండి, కుదిరితే దాన్ని డెమోగా తీసుకుని కోర్సులో 9 హోల్స్ ఆడి డబ్బు కట్టండి.

మ్యాట్ గురించి ఒక మాట. స్టిక్ బంతికి రెండంగుళాల ముందే నేలకు తగిలినా మ్యాట్ దాన్ని జారనిస్తుంది, బంతి బాగానే పోతుంది. అదే షాట్ గడ్డి మీద మట్టి లేపి పదిహేను అడుగులు పోతుంది. ఐరన్‌లు, వెడ్జ్‌లు వీలైనంతవరకు గడ్డి మీద నుంచే చూడండి.

మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నం వేడిగాలి పలచబడి బంతి కాస్త ఎక్కువ దూరం పోతుంది, మీరేమో అలసిపోతారు. రెండూ కలిసి లెక్క చెడగొడతాయి. ఒక్క సిట్టింగ్‌లో 70, 80 బంతులు దాటితే మీరు పరీక్షిస్తున్నది స్టిక్‌ని కాదు, మీ నడుముని.

3. ముందు పాత స్టిక్‌తో లెక్క కట్టండి

చాలామంది వదిలేసేది ఈ మెట్టే. కొత్తది బాగుందా లేదా అని తేల్చాలంటే దేనికంటే బాగుందో తెలియాలి కదా.

ఒళ్లు వేడెక్కేందుకు వెడ్జ్‌తో పదిహేను బంతులు కొట్టండి. తర్వాత పాత 7 ఐరన్‌తో ఎనిమిది బంతులు, ప్రతిదానికీ గాల్లో వెళ్లిన దూరం, ఎడమో కుడో రాయండి. ఇప్పుడు కొత్త 7 ఐరన్‌తో నాలుగు, మళ్లీ పాతదానితో రెండు, మళ్లీ కొత్తదానితో నాలుగు. ఇలా మార్చి మార్చి కొట్టకపోతే, అరగంట తర్వాత స్వింగ్ కుదిరిందో స్టిక్ కుదిరిందో తెలీదు.

ఒక పేజీ ఎలా ఉంటుందో చూపిస్తాను.

పాతది: 138, 141, 129, 140, 136, 142, 127, 139.
కొత్తది: 153, 151, 118, 155, 126, 152, 121, 149.

పాతదాని సగటు 136న్నర, కొత్తదాని సగటు 140 పైచిలుకు. షాపులో మీకు చెప్పేది 155. ఇప్పుడు ముందు అంచు 125 యార్డుల దగ్గర, వెనక అంచు 155 దగ్గర ఉన్న గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఊహించుకోండి. పాతదానితో కొట్టిన ఎనిమిదీ ఆ లోతులోనే ఉన్నాయి. కొత్తదానితో రెండు ముందున్న బంకర్‌లో (ఇసుక గుంటలో) పడ్డాయి, ఒకటి వెనక అంచు మీద వేలాడుతోంది. అన్నిటికంటే దూరం వెళ్లిన బంతికీ, దగ్గర పడ్డ బంతికీ తేడా పాతదానితో 15 యార్డులు, కొత్తదానితో 37. ఈ కొత్తది ఇలా ఉన్నంతవరకు నేను తీసుకోను.

మానిటర్ తెర మీద ఇరవై అంకెలు మెరుస్తుంటాయి. వాటిలో చూడాల్సినవి ఇవి:
- క్యారీ: బంతి గాల్లో వెళ్లిన దూరం. దొర్లిన దూరం కలిపి చూపించే అంకెను పట్టించుకోకండి.
- బాల్ స్పీడ్: ఎనిమిది బంతుల్లో ఇది దగ్గరదగ్గరగా ఉంటే బంతి స్టిక్ ముఖం మధ్యలో తగులుతున్నట్టు.
- స్మాష్ ఫ్యాక్టర్: బంతి వేగాన్ని స్టిక్ వేగంతో భాగిస్తే వచ్చేది. డ్రైవర్‌కి 1.50 దాకా వస్తే అంతకంటే పెద్దగా పిండుకునేది ఉండదు.
- లాంచ్, స్పిన్: ఎంత ఎత్తుగా లేచింది, ఎంత వెనక్కి తిరిగింది.
- దిగే కోణం: ఐరన్‌లకు ఇది ముఖ్యం. 45 డిగ్రీల చుట్టుపక్కల దిగితే బంతి గ్రీన్ మీద ఆగుతుంది.

4. గ్రిప్ మందం

ముందు ఇది సరిచూసుకుని మిగతావాటికి వెళ్లండి, ఎందుకంటే గ్రిప్ తేడాగా ఉంటే మిగతా పరీక్షలన్నీ అబద్ధం చెబుతాయి.

ఎడమచేత్తో మామూలుగా పట్టుకోండి. మధ్యవేలు, ఉంగరంవేలు కొసలు అరచేతిని అంటీ అంటనట్టు తాకాలి. అరచేతిలోకి గుచ్చుకుంటే గ్రిప్ సన్నం. వేళ్లకూ అరచేతికీ మధ్య ఖాళీ ఉంటే లావు. సన్నగా ఉంటే కొందరికి మణికట్లు ఎక్కువ తిరిగి బంతి ఎడమకి లాగేస్తుంది, లావుగా ఉంటే కొందరికి కుడికి పోతుంది.

కొత్త గ్రిప్ కొనక్కర్లేదు. గ్రిప్ కింద టేపు ఒక చుట్టు అదనంగా వేస్తే సుమారు అంగుళంలో 64వ వంతు మందం పెరుగుతుంది. చెమట పట్టే చేతులైతే, ముఖ్యంగా విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో ఆడేవాళ్లయితే, నూలు కలిపిన కార్డ్ గ్రిప్ ఒకసారి పట్టి చూడండి. చేతికి గరుకు, కానీ జారదు.

5. పొడవు, ఆ తర్వాత షాఫ్ట్

ఐరన్ ముఖం మీద పౌడర్ స్ప్రే పలచగా కొట్టి ఆరు బంతులు కొట్టండి. తెల్లటి పొర మీద బంతి ముద్రలు కనిపిస్తాయి. అవి ఒకేచోట గుంపుగా ఉన్నాయా, చెల్లాచెదురయ్యాయా చూడండి. అర అంగుళం పొట్టిది, అర అంగుళం పొడవుది కూడా కొట్టి, ఏది గుంపుగా ఉంటే దాన్ని ఎంచుకోండి. ఇంట్లో వచ్చిన టేపు కొలతకూ దీనికీ గొడవ వస్తే ముద్రల మాటే వినండి.

షాఫ్ట్ దగ్గర అందరూ అడిగేది “రెగ్యులరా, స్టిఫ్ఫా?” అని. దానికంటే ముందు బరువు చూడాలి. స్టీల్ ఐరన్ షాఫ్టులు సుమారు 95 నుంచి 130 గ్రాముల దాకా ఉంటాయి, గ్రాఫైట్ ఇంకా తేలిక. మరీ బరువైతే 14వ హోల్‌కి వచ్చేసరికి చేతులు వెనకబడి స్టిక్ బంతి నడుం మీద తగులుతుంది. మరీ తేలికైతే స్టిక్ చేతిలో ఎక్కడుందో తెలియక తొందరపడి కొడతారు. నలభై దాటి మోచేయి నొప్పి ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా గ్రాఫైట్‌కి మారిపోండి. ఇప్పటి గ్రాఫైట్ షాఫ్టులు ముసలివాళ్ల సరుకు కాదు.

తర్వాత ఫ్లెక్స్, అంటే వంగే గుణం. ఎల్ అంటే లేడీస్, ఏ అంటే సీనియర్, ఆర్ రెగ్యులర్, ఎస్ స్టిఫ్, ఎక్స్ ఎక్స్‌ట్రా స్టిఫ్. డ్రైవర్ స్వింగ్ వేగాన్ని బట్టి మొదలుపెట్టడానికి ఒక అంచనా:
- గంటకు 75 మైళ్ల లోపు: ఎల్
- 75 నుంచి 85: ఏ
- 85 నుంచి 95: ఆర్
- 95 నుంచి 105: ఎస్
- ఆపైన: ఎక్స్

ఇవి గీతలు కావు, గుర్తులు మాత్రమే. ఫ్లెక్స్‌కి కంపెనీలన్నీ పాటించే ఒకే కొలమానం లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉండొచ్చు. అక్షరం మీద స్టిక్కర్ అంటించేసి కొట్టడం మంచి పద్ధతి. స్టిఫ్ అని రాసి ఉంటే మగవాళ్లకు దాన్ని వదలబుద్ధి కాదు. నా డ్రైవర్ కథలో అసలు విలన్ ఆ అక్షరమే.

మరీ గట్టిదైతే బంతి సాధారణంగా కిందగా, కుడికి పోతుంది, తగిలినప్పుడు చేతిలో చెక్క కొట్టినట్టు ఉంటుంది. మరీ మెత్తదైతే ఎత్తుగా, ఎడమకి పోతుంది.

“లేడీస్ సెట్టు” అన్న ముద్ర చూసి ఆడవాళ్లు అదే తీసుకోవాలని లేదు. వేగంగా స్వింగ్ చేసే అమ్మాయికి ఆర్ సరిపోవచ్చు, మెల్లగా స్వింగ్ చేసే పెద్దాయనకి ఎల్ సరిపోవచ్చు. పిల్లలకు నాన్న పాత స్టిక్ కోసి ఇవ్వడం మాత్రం వద్దు. కోస్తే పొడవు తగ్గుతుంది కానీ షాఫ్ట్ ఇంకా గట్టిపడుతుంది, తల బరువు అలాగే ఉంటుంది.

6. హెడ్, దాంట్లో దాక్కున్న లాఫ్ట్

“ఈ 7 ఐరన్ మీ పాతదానికంటే 15 యార్డులు ఎక్కువ పోతోంది సార్” అంటారు. పోతుంది మరి. ఒకప్పుడు 7 ఐరన్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలి ఉండే కోణం) 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు దూరం కోసం చేసిన సెట్టుల్లో 30 కంటే తక్కువ ఉన్నవి బోలెడు. అడుగున 7 అని రాసి ఉన్న 6 ఐరన్ అన్నమాట.

అది తప్పేం కాదు, మీకు తెలిసి కొనాలి అంతే. రెండు హెడ్‌లను పోల్చేటప్పుడు అంకె చూడకండి, లాఫ్ట్ అడగండి. 30 డిగ్రీలదాన్ని 30 డిగ్రీలదానితోనే పోల్చండి. బంతి కిందగా లేచి, తక్కువ కోణంలో దిగుతుంటే ఆ అదనపు దూరం గ్రీన్ దాటి వెనక పొదల్లోకి తీసుకెళ్తుంది.

అడుగు వెడల్పుగా, వెనక గుంటగా ఉన్న క్యావిటీ బ్యాక్ హెడ్‌లు పక్కకి తగిలిన బంతిని కూడా కాపాడతాయి. వారానికి ఒకసారి ఆడేవాళ్లకి నేను చెప్పేది ఇవే. సన్నటి బ్లేడ్‌లు బ్యాగులో అందంగా ఉంటాయి, ఒప్పుకుంటాను.

7. లై కోణం: మార్కర్ గీత పరీక్ష

పొడవు, షాఫ్ట్, హెడ్ తేలాకే లై (స్టిక్‌ని నేలకు ఆనిస్తే షాఫ్ట్ నేలతో చేసే కోణం) చూడాలి. పొడవు మారితే లై కూడా మారుతుంది కాబట్టి ముందే చూస్తే మళ్లీ చేయాల్సి వస్తుంది.

బంతి మీద మార్కర్‌తో ఒక మందమైన గీత గీయండి. గీత నిటారుగా నిలబడి స్టిక్ ముఖం వైపు తిరిగి ఉండేలా బంతి పెట్టండి. సిరా ఆరకముందే 7 ఐరన్‌తో మామూలుగా కొట్టండి. ముఖం మీద గీత అచ్చు పడుతుంది. స్టిక్‌ని నేల మీద చదునుగా ఆనించి ఆ అచ్చు చూడండి.

- గీత నిటారుగా ఉంది: లై సరిపోయింది.
- గీత పైకొస టో వైపు, అంటే ముందుకొస వైపు వాలింది: మరీ అప్‌రైట్. కొట్టేటప్పుడు స్టిక్ తల మడమ (షాఫ్ట్ వైపు కొస) నేలకు తగిలి ముందుకొస లేస్తోంది. బంతి ఎడమకి పోతుంది.
- పైకొస మడమ వైపు వాలింది: మరీ ఫ్లాట్. బంతి కుడికి పోతుంది.

కనీసం ఐదు బంతులు చూడండి, ఒక్క అచ్చుతో తీర్పు ఇవ్వకండి. మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు నా ఐదు గీతలూ టో వైపుకే వాలాయి. ఎడమకి పోయే నా ఐరన్‌లకు కారణం నా కుడిచేయి అని రెండేళ్లు దాన్ని తిట్టుకుంటూ గడిపాను. రెండు డిగ్రీలు వంచితే సగం రోగం కుదిరింది. మిగతా సగం నిజంగానే చేతిదే.

వంచడం వర్క్‌షాపులో అవుతుంది. ఫోర్జ్ చేసిన మెత్తటి స్టీల్ హెడ్‌లు సులువుగా వంగుతాయి. పోతపోసిన స్టెయిన్‌లెస్ స్టీల్ హెడ్‌లు మొండివి, ఎక్కువ వంచబోతే విరగొచ్చు. కొనే ముందే “ఇది ఎంతవరకు వంగుతుంది?” అని అడగండి.

8. డ్రైవర్

ఇక్కడా ముందు పౌడర్ స్ప్రేనే. డ్రైవర్ ముఖం కొద్దిగా ఉబ్బుగా ఉంటుంది. మడమ వైపు తగిలిన బంతి కుడికి వంపు తిరుగుతుంది, టో వైపు తగిలింది ఎడమకి తిరుగుతుంది. అంటే మీ స్లైస్‌కి (కుడికి వంపు తిరిగిపోయే షాట్‌కి) షాఫ్ట్ కారణం కాకపోవచ్చు, బంతి తగిలే చోటు కారణం కావచ్చు. ముద్రలు చూడకుండా షాఫ్ట్ మార్చడం అంటే జ్వరం చూడకుండా మందు వేసుకోవడమే.

ముద్రలు చెల్లాచెదురుగా ఉంటే ఒక అంగుళం కిందకి పట్టుకుని పది బంతులు కొట్టండి. షాపుల్లో డ్రైవర్‌లు 45 అంగుళాల పైనే ఉంటున్నాయి, మనలో చాలామందికి అంత పొడవు అక్కర్లేదు. కిందకి పట్టుకుంటే ముద్రలు దగ్గరకొచ్చి, దూరం పెద్దగా తగ్గకపోతే పొట్టి షాఫ్ట్ మీది. అయితే అర అంగుళం కోస్తే తల తేలికైనట్టు అనిపిస్తుంది. స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత) సుమారు మూడు పాయింట్లు పడిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి తలకి దాదాపు 6 గ్రాములు కలపాలి.

లాఫ్ట్ విషయంలో పొగరు వద్దు. స్వింగ్ వేగం 90 మైళ్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లకి 9 డిగ్రీల కంటే 10.5 నుంచి 12 డిగ్రీలు ఎక్కువ దూరం ఇవ్వడం మామూలే. లాంచ్ 13 నుంచి 15 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి 2400 నుంచి 2800 చుట్లు ఉంటే ఆ వేగానికి బాగానే ఉన్నట్టు.

తిప్పి లాఫ్ట్ మార్చుకునే డ్రైవర్‌లలో లాఫ్ట్ పెంచితే ముఖం కాస్త ఎడమకి మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది. స్లైస్ కొట్టే మనిషి లాఫ్ట్ తగ్గిస్తే ఏమవుతుందో ఇక చెప్పక్కర్లేదు.

డ్రైవర్‌కి నా కొలత ఒకటే. పది బంతుల్లో మీ ఊరి కోర్సులో ఫెయిర్‌వే (గడ్డి కోసి ఉంచిన దారి) వెడల్పులో ఎన్ని ఉన్నాయి? గోల్కొండ నయా ఖిలాలో ఆడినా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో ఆడినా రాళ్లూ చెట్లూ 240ని చూసి పక్కకి తప్పుకోవు.

9. మధ్యలో మిగిలిన ఖాళీలు

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 స్టిక్‌లకు మించకూడదు. 14 ఉండి తీరాలని మాత్రం ఎవరూ అనలేదు.

ప్రతి స్టిక్ క్యారీ వరుసగా రాసుకోండి. పక్కపక్కవాటికి 10 నుంచి 15 యార్డుల తేడా ఉండాలి. 5 ఐరన్, 6 ఐరన్ ఒకే దూరం పోతున్నాయంటే 5ని తీసేసి హైబ్రిడ్ పెట్టండి. హైబ్రిడ్ ఎడమకి లాగుతుంటే 7 వుడ్ (డ్రైవర్ లాంటిదే, తల చిన్నది) చూడండి. ఈ విభాగానికి ఇంతకంటే ఎక్కువ టైము పెట్టకండి, వెడ్జ్‌ల దగ్గర అవసరమవుతుంది.

10. వెడ్జ్‌లు, మన నేల

కొత్త సెట్టుల్లో పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలకు దిగింది. దాని తర్వాత నేరుగా 56 పెట్టుకుంటే మధ్యలో పెద్ద గొయ్యి. 44, 50, 56 అని నాలుగు నుంచి ఆరు డిగ్రీల తేడాతో పెట్టుకోండి. 60 డిగ్రీలది వారంలో గంటైనా సాధన చేసేవాళ్లకే.

బౌన్స్ అంటే అడుగుభాగం ముందంచు కంటే ఎంత కిందికి దిగి ఉందో చెప్పే కోణం. సుమారు 6 డిగ్రీల లోపు తక్కువ, 10 దాటితే ఎక్కువ. ఎండాకాలంలో నీళ్లు తక్కువైన గట్టి ఫెయిర్‌వే మీద ఎక్కువ బౌన్స్ ఉన్న వెడ్జ్ నేలకు తగిలి ఎగిరి, బంతి నడుం మీద కొడుతుంది. అదే ఆగస్టులో మెత్తటి నేల మీద తక్కువ బౌన్స్ వెడ్జ్ గడ్డపారలా దిగబడుతుంది.

రెండు కాలాలకూ రెండు సెట్లు ఎవరూ కొనరు కాబట్టి 50, 52ల్లో 8 డిగ్రీల చుట్టూ, 56లో 10 నుంచి 12 తీసుకుంటే ఏడాదంతా గడుస్తుంది. బంతికి ముందు పెద్ద మట్టి పెళ్ల లేపేవాళ్లు ఎక్కువ వైపు, నేలను చిన్నగా గీరేవాళ్లు తక్కువ వైపు జరగండి.

వెడ్జ్ పరీక్ష మ్యాట్ మీద వద్దే వద్దు. మూడు చోట్ల చూడండి: మామూలు గడ్డి, గడ్డి లేని గట్టి నేల, బంకర్. ఒక్కోచోట పది బంతులు. ఎక్కడ భయం వేస్తోందో గమనించండి.

11. పటర్

రౌండులో అన్నిటికంటే ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునేది ఇదే. ఐదు నిమిషాల్లో షాపు కార్పెట్ మీద చూసి కొనేదీ ఇదే.

పటింగ్ పొజిషన్‌లో నిలబడి, రెండు కళ్ల మధ్య నుంచి ఒక బంతి జారవిడవండి. అది కింద ఉన్న బంతి మీదో, కాస్త మీ పాదాల వైపో పడాలి. బంతి అవతల పడితే, అంటే మీ కళ్లు గీత దాటిపోతే, పటర్ పొట్టిది కావచ్చు లేదా మీరు మరీ వంగుతున్నారు. 33 నుంచి 35 అంగుళాల మధ్య అరేసి అంగుళం మార్చి చూడండి.

తర్వాత పటర్‌ని వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. ముఖం ఆకాశం వైపు చూస్తే ఫేస్ బ్యాలెన్స్‌డ్. ముందుకొస కిందికి వాలితే టో హ్యాంగ్ ఉన్నట్టు. సూటిగా వెనక్కీ ముందుకీ కొట్టేవాళ్లకి మొదటిది, కాస్త వంపుగా తిప్పేవాళ్లకి రెండోది సాధారణంగా నప్పుతుంది. ఈ సూత్రం తప్పే మనుషులు చాలామంది ఉన్నారు కాబట్టి లెక్క కట్టండి: రెండు మీటర్ల నుంచి ఇరవై, తొమ్మిది మీటర్ల నుంచి పది, పాతదీ కొత్తదీ మార్చి మార్చి. దూరం నుంచి కొట్టినవి ఎన్ని అడుగుల్లో ఆగాయో రాసుకోండి.

12. ఎక్కువగా జరిగే తప్పులు, మందు

ఒకేసారి రెండు మార్చడం. హెడ్డూ షాఫ్టూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఒకటి మార్చి ఆరు బంతులు కొట్టి, అప్పుడు రెండోది.

స్టిక్ కోసం స్వింగ్ మార్చుకోవడం. పదో బంతికల్లా మీరు తెలియకుండానే సర్దుకుపోతారు. అందుకే కొత్త స్టిక్‌తో కొట్టిన మొదటి మూడు బంతులకు చుక్క పెట్టుకోండి. అవే నిజం చెప్పేవి.

చెడ్డ బంతిని లెక్కలోంచి కొట్టేయడం. “అది లెక్కలోకి రాదులే” అంటారు ఫిట్టింగ్ చేసేవాళ్లు (మనకు సరిపడే స్టిక్ కొలిచి చెప్పేవాళ్లు). కోర్సులో వస్తుంది. రాయండి.

మొహమాటం. గంటసేపు మన కోసం నిలబడ్డాడు కదా అని కొనేస్తాం. ఫిట్టింగ్‌కి ఫీజు ఉంటే కట్టేయండి, కాగితం తీసుకోండి, రెండు రోజులు ఆగి ఫోన్ చేయండి.

నడుం నొప్పి, నిద్రలేమి, ఆఫీసు గొడవ ఉన్న రోజు వెళ్లడం. వాయిదా వేయండి.

13. కొనేటప్పుడు

రాతపూర్వకంగా అడగాల్సినవి:
- ఒక్కో స్టిక్ పొడవు, లాఫ్ట్, లై
- షాఫ్ట్ పేరు, బరువు, ఫ్లెక్స్
- గ్రిప్ సైజు, అదనపు టేపు ఎన్ని చుట్లు
- తలమీది సీరియల్ నంబరు

డబ్బా వచ్చాక పొడవు మీరే కొలవండి. లాఫ్ట్, లై వర్క్‌షాపులో చూపించండి. ఆర్డరులో రాసినదీ చేతికొచ్చినదీ ఒకటో రెండో డిగ్రీలు తేడా ఉండటం వింతేమీ కాదు.

వాడినవి కొంటే ముఖం మీద గీతలు అరిగాయా, షాఫ్ట్ తలలోకి దిగే చోట పగులుందా, గ్రాఫైట్ మీద లోతైన గాటు ఉందా చూడండి. తల పట్టుకుని ఊపితే లోపల గలగలమంటే వదిలేయండి. కొత్త మోడల్ సెట్టు మార్కెట్ ధరలో మూడో వంతుకి వస్తోందంటే అది నకిలీ అనే అనుకోండి. అక్షరాల అచ్చు, సీరియల్ నంబరు, బరువు అసలుదానితో పక్కపక్కన పెట్టి చూస్తే బయటపడుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ పనంతా తేలిక. 2022లో పీజీఏ ఆఫ్ అమెరికా (గోల్ఫ్ కోచ్‌ల సంఘం) ప్రధాన కార్యాలయం వచ్చిన, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, తెలుగువాళ్లు గుంపులుగా ఉండే ఊరే. అక్కడి నుంచి ఇక్కడున్న నాన్నకి సెట్టు పంపాలనుకునేవాళ్లు మాత్రం ఒక పని చేయండి. మీ ఒడ్డూ పొడుగూ చూసి కొనకండి. వీడియో కాల్‌లో ఆయన మణికట్టు కొలత, గ్లవ్ సైజు, 7 ఐరన్ దూరం అడిగి, అప్పుడు కొనండి.

14. మొదటి నెల

కొత్త సెట్టుతో మొదటి నాలుగు రౌండ్లు స్కోరు రాయకండి, చెడ్డ బంతులు ఎటు పోయాయో రాయండి. నాలుగు కాగితాల్లోనూ బాణాలు ఒకేవైపు చూపిస్తే వర్క్‌షాపుకి వెళ్లి లై మళ్లీ చూపించండి. అన్ని వైపులా ఉంటే స్టిక్‌ని వదిలి కోచ్ దగ్గరకి వెళ్లండి.

ఇంకొకటి. మే నెలలో బ్యాగుని కారు డిక్కీలో వదిలేయకండి. ఆ వేడికి తలనీ షాఫ్టునీ పట్టి ఉంచే జిగురు మెత్తబడొచ్చు. తలకి పైన ఉండే నల్లటి ప్లాస్టిక్ కట్టు రెండు మిల్లీమీటర్లు పైకి జరిగినట్టు కనిపిస్తే ఆ స్టిక్‌తో కొట్టకుండా తీసుకెళ్లి అతికించుకోండి.